పిల్లలకి గుడ్డు ఆపేసి సాంబ్రాణి పొగ వేస్తున్నాం

పసిబిడ్డకి ఏడాది దాటేదాకా గుడ్డు వద్దు, రెండేళ్ళు వచ్చేదాకా పల్లీలు వద్దు, చేప సంగతి మూడేళ్ళ తర్వాత చూద్దాం. బెంగళూరులో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఈ మాట ఇప్పటికీ గట్టిగా వినిపిస్తోంది. మహదేవపుర, మారతహళ్ళి, కె.ఆర్. పురం వైపు అపార్ట్‌మెంట్లలో ఆరేడు నెలల బిడ్డ ఉన్న ఇంటికి వెళ్తే, పెట్టకూడనివి అని ఒక లిస్టు ఫ్రిజ్ మీదో ఫోన్‌లోనో ఉంటుంది. గుడ్డు, పల్లీ, చేప, గోధుమ, నువ్వులు, జీడిపప్పు, కొన్ని ఇళ్ళల్లో అరటిపండు, పెరుగు కూడా. ఎందుకు పెట్టకూడదు అని అడిగితే అలర్జీ వస్తుంది, ఆస్తమా వస్తుంది అంటారు. ఈ లిస్టు తప్పు. అవసరం లేని జాగ్రత్త అయితే ఊరుకునేదాన్నే, కానీ పల్లీ, గుడ్డు విషయంలో ఈ ఆలస్యమే అలర్జీకి దారి తీస్తుందని గట్టి ప్రయోగాలు చెప్తున్నాయి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు. మా పిన్ని కూతురి పాపకి నాలుగో నెలలో బుగ్గల మీద ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రబడి పొడిబారి దురద పెట్టే జబ్బు, మొదలై మోచేతులకీ మోకాళ్ళకీ పాకింది. ఇంట్లో ఒక్కొక్కరూ వచ్చి మా చెల్లిని ఒక్కో తిండి మానేయమంటుంటే, ఎవరి మాటకి ఆధారం ఉందో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. పరిశోధన పేపర్లు ఇప్పుడు చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి, కాస్త ఓపిక కావాలి అంతే. చదివేకొద్దీ కోపం వచ్చింది. వైద్యలోకం ఈ విషయంలో తన మాట మార్చుకుని పదేళ్ళు దాటింది, ఆ సంగతి మన వంటింటి దాకా ఇంకా రాలేదు.

చాలామంది ఈ లిస్టు మన పెద్దవాళ్ళ ఆచారం అనుకుంటారు. కాదు. 2000లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఇచ్చిన సలహా అది: అలర్జీలున్న కుటుంబాల్లో పుట్టిన పిల్లలకి ఆవుపాలు ఏడాది దాకా, గుడ్డు రెండేళ్ళ దాకా, పల్లీలు, జీడిపప్పు బాదం లాంటివి, చేపలు మూడేళ్ళ దాకా పెట్టొద్దని. బ్రిటన్‌లో అంతకుముందే, 1998లో, పల్లీల మీద ఇలాంటి హెచ్చరికే వచ్చింది. వీటి వెనక ఉన్నది ఒక ఊహ. అలర్జీ తెచ్చే పదార్థానికి దూరంగా ఉంచితే అలర్జీ రాదు కదా అని. వినడానికి సబబుగానే ఉంటుంది, అందుకే అంత త్వరగా అందరి నోళ్ళలోకీ వెళ్ళింది. తీరా 2008లో అదే అకాడమీ, ఇలా ఆలస్యం చేస్తే లాభమని చెప్పడానికి ఆధారాలు లేవని ఒప్పుకుని సలహా వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడాది బ్రిటన్ కూడా తీసుకుంది. మన ఫోన్లలో తిరిగే లిస్టు మాత్రం 2000 దగ్గరే ఆగిపోయింది.

మా అమ్మమ్మ వాళ్ళది అనంతపురం జిల్లా, వేరుశనగ మీద బతికిన నేల. సంగటిలోకి ఊరిబిండి, ఇడ్లీలోకి శెనక్కాయల చట్నీ, సాయంత్రం పిల్లల చేతుల్లో బెల్లంతో చేసిన ఉండలు. పాకే పిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్ళు తమ పళ్ళెంలో సంగటి ముద్ద చిదిమి, కారం తగలకుండా కాస్త చట్నీ అద్ది బిడ్డ నోట్లో పెట్టడం అక్కడ మామూలు. పల్లీ అలర్జీ అన్న మాట ఆ ఊళ్ళో నేను ఎప్పుడూ వినలేదు. ఒక ఊరి జ్ఞాపకం సాక్ష్యం కాదని నాకు తెలుసు. అయితే సరిగ్గా ఇలాంటి గమనింపు నుంచే లండన్‌లో ఒక పెద్ద ప్రయోగం పుట్టింది.

కింగ్స్ కాలేజ్ లండన్‌లో గిడియాన్ లాక్ అనే పిల్లల అలర్జీ డాక్టరు ఉన్నారు. ఆయన బృందం బ్రిటన్‌లో పెరిగే యూదు పిల్లల్నీ ఇజ్రాయెల్‌లో పెరిగే యూదు పిల్లల్నీ పోల్చి చూసింది. బ్రిటన్ పిల్లల్లో పల్లీ అలర్జీ 1.85 శాతం, ఇజ్రాయెల్‌లో 0.17 శాతం. వంశం దాదాపు ఒకటే, తేడా పదింతలు. ఇజ్రాయెల్‌లో బాంబా అని, నోట్లో వేసుకుంటే కరిగిపోయే పల్లీ చిరుతిండి ఉంటుంది, ఏడాది నిండకముందే పిల్లల చేతికి ఇస్తారు. బ్రిటన్ తల్లులు హెచ్చరికకి భయపడి పల్లీ దగ్గరికే రానివ్వలేదు. 2008లో ఇది అచ్చయ్యాక, పోలికతో ఆగకుండా లీప్ అనే ప్రయోగం చేశారు. 4 నుంచి 11 నెలల లోపు పిల్లలు 640 మంది, అందరికీ తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ రెండూ గానీ ఉన్నాయి, అంటే మన లిస్టు ప్రకారం పల్లీ వాసన కూడా చూపించకూడని పిల్లలు. సగం మందికి ఐదేళ్ళు వచ్చేదాకా పల్లీ పెట్టలేదు, మిగతా సగానికి వారంలో కనీసం మూడుసార్లు పెట్టారు.

2015లో ఫలితాలు వచ్చాయి. మొదట్లో పల్లీ అలర్జీ కోసం చేసిన చర్మ పరీక్ష నెగెటివ్ ఉన్న పిల్లల్లో, పల్లీ మానేసినవాళ్ళలో 13.7 శాతం మందికి ఐదేళ్ళ వయసుకి పల్లీ అలర్జీ వచ్చింది, తిన్నవాళ్ళలో 1.9 శాతం మందికే. మొదట్లోనే పరీక్షలో కొద్దిగా పాజిటివ్ చూపించిన పిల్లల్లో కూడా 35.3 శాతానికి 10.6 శాతం. ఆ పిల్లల్ని టీనేజీ వచ్చేదాకా వెంబడించి 2024లో మళ్ళీ చూశారు. చిన్నప్పుడు తిన్నవాళ్ళకి అలర్జీ 71 శాతం తక్కువగానే ఉంది, ఐదేళ్ళ తర్వాత వాళ్ళు పల్లీ తింటూ ఉన్నా మానేసినా సరే. 2017లో అమెరికా ఈ ప్రయోగాన్ని బట్టి తన మార్గదర్శకాలు మార్చుకుంది. ఆ మార్పు తర్వాత అక్కడి చిన్నపిల్లల్లో పల్లీ అలర్జీ నిర్ధారణలు 40 శాతం పైగా తగ్గాయని 2025లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది.

గుడ్డుకీ ఇంతే. జపాన్‌లో ఎగ్జిమా ఉన్న పిల్లలకి ఆరో నెల నుంచి, ముందు చర్మానికి మందు రాసి బాగు చేసి, బాగా ఉడికిన గుడ్డు పొడిని చాలా కొద్దిగా మొదలుపెట్టి రోజూ ఇచ్చారు. ఏడాది వయసుకి గుడ్డు అలర్జీ ఇచ్చినవాళ్ళలో 8 శాతం, ఇవ్వనివాళ్ళలో 38 శాతం. తేడా అంత స్పష్టంగా ఉండటంతో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది ఇది.

అయితే మూడో నెలకే అన్నీ కుక్కేద్దామా అంటే, దానికీ జవాబు ఉంది. బ్రిటన్‌లోనే ఈట్ అని ఇంకో ప్రయోగం జరిగింది. తల్లిపాలు తాగుతున్న 1,303 మంది మామూలు పిల్లలు, సగం మందికి మూడో నెల నుంచే ఆరు రకాల తిండి పెట్టమన్నారు. 2016లో లెక్క తీస్తే మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఎందుకంటే చెప్పినట్టు అన్నీ తినిపించగలిగిన ఇళ్ళు సగం కూడా లేవు. పెట్టగలిగిన ఇళ్ళల్లో మాత్రం అలర్జీలు తగ్గాయి. మూడు నెలల బిడ్డకి చేప తినిపించడం ఎంత కష్టమో పిల్లల్ని పెంచిన ఎవరికైనా తెలుసు, ఆ కష్టం మనకి అవసరం కూడా లేదు. నీళ్ళు, గిన్నెలు, చేతుల శుభ్రం ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉండే మన దేశంలో ఆరు నెలలు తల్లిపాలే అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట నూటికి నూరు పాళ్ళు సరైనది, విరేచనాల నుంచీ న్యుమోనియా నుంచీ బిడ్డని కాపాడేది అదే. నా వాదన ఆరో నెల తర్వాత గురించి. అన్నప్రాసన రోజు నుంచి ఏడాది నిండే లోపు ఇంట్లో మనం తినేవన్నీ, బిడ్డ మింగగలిగే రూపంలో, బిడ్డకీ అందాలి. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న పిల్లలకి ఇంకాస్త ముందే మొదలుపెట్టాలా అన్నది పిల్లల డాక్టరుతో మాట్లాడుకోవాలి. ఆ పిల్లల విషయంలోనే ఆలస్యం ఎక్కువ నష్టం, భయంతో ఎక్కువగా ఆపేది కూడా వాళ్ళకే.

మనకి పల్లీ అలర్జీ చాలా తక్కువ కదా, లండన్ గొడవ మనకెందుకు అని ఒక స్నేహితుడు అడిగాడు. తక్కువే. యూరోప్రెవాల్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో భాగంగా బెంగళూరు, మైసూరు ప్రాంతంలో స్కూలు పిల్లల్ని పరీక్షిస్తే ఆహార అలర్జీ 0.14 శాతం తేలింది, అదే అధ్యయనంలో హాంకాంగ్‌లో 1.5 శాతం. నేను అడిగేది కూడా అదే. తక్కువగా ఉన్న చోట, తరతరాలుగా పాకే వయసులోనే పల్లీ తింటూ వచ్చిన పిల్లలున్న చోట, అమెరికా, బ్రిటన్ తప్పని ఒప్పుకుని పారేసిన పద్ధతిని మనం ఇప్పుడు ఎందుకు తెచ్చుకోవాలి?

ఎందుకు ఇలా జరుగుతుంది అన్నదానికి లాక్ చెప్పిన వివరణ నాకు చాలా విలువైనదిగా అనిపించింది. ఒక ఆహారం నోటి ద్వారా కడుపులోకి వెళ్తే ఒళ్ళు దాన్ని తనదిగా ఒప్పుకోవడం నేర్చుకుంటుంది. అదే ఆహారం పగిలిన చర్మం గుండా ముందు లోపలికి పోతే శత్రువని గుర్తు పెట్టుకుంటుంది. పల్లీ తినే ఇంట్లో దుమ్ములో, చేతులకి, దుప్పట్ల మీద పల్లీ ఎలాగూ ఉంటుంది. బిడ్డకి ఎగ్జిమా ఉండి, నోటికి పల్లీ అందకుండా చేస్తే, ఒళ్ళు దాన్ని చర్మం నుంచి మాత్రమే కలుసుకుంటుంది. 2003లోనే బ్రిటన్‌లో, పల్లీ నూనె ఉన్న క్రీములు చర్మానికి రాసిన పిల్లల్లో పల్లీ అలర్జీ ఎక్కువని గమనించారు. చర్మానికి కట్టుగా ఉండే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్‌లో జన్యులోపం ఉన్నవాళ్ళకి ఎగ్జిమా ఎక్కువని 2006లో తేలింది.

ఇక్కడ మన నలుగు సంగతి మాట్లాడాలి. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి నూనె రాసి మర్దనా చేస్తే బిడ్డ హాయిగా నిద్రపోతుంది, దాని మీద నాకు ఏ పేచీ లేదు. కానీ ఎర్రగా కమిలి, పగిలి, రసి కారుతున్న చర్మం మీద శనగపిండి, పెసరపిండి, పాలమీగడ వేసి గట్టిగా రుద్దడం చూస్తే నా ప్రాణం విలవిల్లాడుతుంది. గరుకు పిండి చర్మాన్ని ఇంకా గీస్తుంది. పైగా ఇవన్నీ ఆహార ప్రొటీన్లు, వాటిని పుండు మీద రుద్దుతున్నాం. మా చెల్లి వాళ్ళత్తగారు చాలా ప్రేమగా చేసేవారు ఇది. పిండి ఆపి, స్నానం అయిన వెంటనే వాసన లేని మాయిశ్చరైజర్ పట్టించి, డాక్టరు రాసిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ చెప్పినన్ని రోజులు రాశాక పాప చర్మం మెత్తబడింది. స్టెరాయిడ్ అన్న మాట వినగానే ట్యూబు పక్కన పడేసేవాళ్ళు చాలామంది. డాక్టరు చెప్పిన మోతాదులో అది భయపడాల్సిన మందు కాదు. భయపడాల్సింది నెలల తరబడి తెరిచి ఉన్న చర్మం.

తర్వాత, అందరూ వేలెత్తి చూపే మనిషి దగ్గరికి వద్దాం. తల్లి.

బిడ్డకి దద్దుర్లు వస్తే నువ్వేం తిన్నావు అంటారు. జలుబు చేస్తే నువ్వు పెరుగు తిన్నావా అంటారు. పిల్లికూతలు వస్తే నీ పాలు చాలలేదు, డబ్బా పాలు పట్టావు, అందుకే అంటారు. బాలింత పథ్యం పేరుతో గుడ్డు, పప్పు, చేప, పండ్లు అన్నీ ఆపేసి కారప్పొడి అన్నం, నెయ్యి, వెల్లుల్లితో నెలలు గడిపించే ఇళ్ళు ఈ ఐటీ నగరంలో కూడా ఉన్నాయి. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు తల్లి గుడ్డు, పాలు లాంటివి మానేస్తే బిడ్డకి అలర్జీలు తగ్గుతాయా అని కాక్రేన్ సంస్థ అధ్యయనాలన్నీ కలిపి 2012లో చూసింది. తగ్గుతాయని ఆధారం దొరకలేదు. నిర్ధారణ అయిన పాల అలర్జీ లాంటివి ఉంటే, డాక్టరు చెప్పి, కొన్నాళ్ళు ఆపి చూడటం వేరు. ముందు జాగ్రత్త అని పచ్చి బాలింత పళ్ళెం ఖాళీ చేయడం వేరు. దానివల్ల నీరసపడేది ఆ అమ్మాయే.

తల్లిపాలు ఆస్తమాని ఆపుతాయా? దీని మీద జరిగిన అతిపెద్ద ప్రయోగం బెలారస్‌లో జరిగింది. 1996, 97లలో 31 ప్రసూతి ఆసుపత్రుల్లో 17,046 మంది తల్లీబిడ్డలు. కొన్ని ఆసుపత్రుల్లో తల్లులకి పాలివ్వడంలో బాగా సాయం చేశారు, మిగతా చోట్ల మామూలుగా వదిలేశారు. సాయం అందిన చోట పిల్లలు ఎక్కువ కాలం తల్లిపాలు తాగారు, మొదటి ఏడాదిలో విరేచనాలు తగ్గాయి, ఎగ్జిమా 6.3 శాతం నుంచి 3.3 శాతానికి తగ్గింది. కానీ ఆ పిల్లలకి ఆరున్నరేళ్ళు వచ్చాక చూస్తే ఆస్తమా, అలర్జీలలో తేడా లేదు. ఇది చెప్తే తల్లిపాలకి వ్యతిరేకంగా మాట్లాడుతున్నావా అంటారు. కాదు. ముర్రుపాలు మొదటి గంటలోనే పట్టాలి, ఆరు నెలలు ఇంకేమీ వద్దు, ఆ తర్వాత కూడా రెండేళ్ళ దాకా వీలైనంత కాలం ఇవ్వాలి, ఇన్ఫెక్షన్ల నుంచి అంత రక్షణ ఇచ్చేది ఇంకోటి లేదు. తల్లిపాలకి ఉన్న నిజమైన కారణాలే కావలసినన్ని ఉన్నాయి. ఆస్తమా రాదన్న హామీని దానికి తగిలించి, రేపు బిడ్డకి ఆయాసం వచ్చిన రోజున ఆ తల్లిని బోనులో నిలబెట్టడం అన్యాయం. సిజేరియన్ అయ్యి, ముప్పై గంటల నొప్పుల తర్వాత పాలు పడక ఏడ్చిన అమ్మాయిలు నాకు తెలుసు. వాళ్ళకి అప్పుడు కావలసింది పక్కన కూర్చుని బిడ్డని రొమ్ముకి పట్టించడం నేర్పే నర్సు. చాలాచోట్ల వాళ్ళకి దొరికింది ఒక డబ్బా.

డబ్బా అంటే గుర్తొచ్చింది, అలర్జీలు రాకుండా చేసే పాలపొడి అని అమ్ముడుపోయిన సరుకు కథ మన భారతీయులు తప్పక తెలుసుకోవాలి. పాల ప్రొటీన్‌ని ముక్కలు చేసిన హైడ్రొలైజ్డ్ ఫార్ములా పెడితే అలర్జీలు తగ్గుతాయని చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకానికి ఊతమిచ్చినవాళ్ళలో ఒకరు కెనడాలో పేరు పొందిన భారత సంతతి శాస్త్రవేత్త రంజిత్ చంద్ర. ఆయన 1989లో రాసిన పేపరు నమ్మదగ్గది కాదని బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2015లో దాన్ని ఉపసంహరించుకుంది. అదే ఏడాది కెనడా ప్రభుత్వం ఆయనకిచ్చిన ఆర్డర్ ఆఫ్ కెనడా గౌరవాన్ని కూడా రద్దు చేసింది. 2016లో అదే పత్రికలో అధ్యయనాలన్నిటినీ కూడి చూస్తే ఆ పాలపొడి అలర్జీలని ఆపుతుందనడానికి నిలకడైన ఆధారం కనిపించలేదు. మన దేశంలో 1992 నుంచీ చట్టం ఉంది, పాలపొడి కంపెనీలు ప్రకటనలు ఇవ్వకూడదు, ఉచిత శాంపిల్స్ పంచకూడదు. ఏ డబ్బా మీదైనా అలర్జీ తగ్గిస్తుందన్న అర్థం వచ్చే మాట కనిపిస్తే డబ్బు తీసే ముందు ఈ కథ గుర్తు చేసుకోండి.

ఇంకో ఖర్చు, రక్త పరీక్షలు. ల్యాబులు ఇప్పుడు యాభై, వంద ఆహారాలకి ఒకేసారి అలర్జీ ప్యానెల్ చేస్తున్నాయి. రిపోర్టు వస్తుంది, వంకాయకి పాజిటివ్, కందిపప్పుకి పాజిటివ్, గోధుమకి పాజిటివ్, ఇక ఆ బిడ్డకి ఏం పెట్టాలి? బెంగళూరు, మైసూరు ప్రాంతంలోనే పెద్దవాళ్ళని పరీక్షించినప్పుడు 26.5 శాతం మందికి ఏదో ఒక ఆహారానికి ఐజీఈ (అలర్జీకి కారణమయ్యే యాంటీబాడీ) పాజిటివ్ వచ్చింది, నిజంగా ఆహార అలర్జీ ఉండే అవకాశం ఉన్నవాళ్ళు 1.2 శాతమే. ఇంటి ముందు కుక్క మొరిగిందంటే దొంగ వచ్చాడనే కాదు, దారినపోయేవాళ్ళని చూసి కూడా మొరుగుతుంది. తిన్న కాసేపటికే ఏదైనా జరిగితే, ఆ ఒక్క ఆహారానికి, అలర్జీ తెలిసిన డాక్టరు చెప్తే చేయించాలి ఆ పరీక్ష. ఐజీజీ అనే వేరే యాంటీబాడీని చూసే పరీక్షలని ఇంకో రకం అమ్ముతున్నారు, ఆహారం పడటం లేదని చెప్పడానికి అవి పనికిరావని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే తేల్చి చెప్పింది.

ఇప్పుడు ఆస్తమా. ఈ ఊళ్ళో పిల్లలకి ఆయాసం పెరుగుతోందన్న మాట కొత్తది కాదు. డాక్టర్ హెచ్. పరమేష్ బెంగళూరులో తన ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఆస్తమా 1979లో 9 శాతం ఉంటే 1999కి 29.5 శాతం అయిందని లెక్కలతో చూపించారు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళ లెక్క కాబట్టి ఊరంతటికీ అదే శాతం అనుకోకూడదు, కానీ ఇరవై ఏళ్ళలో ఆ పెరుగుదల చూడండి. ఆ ఇరవై ఏళ్ళలో బెంగళూరు అరటిపండు తినడం ఎక్కువ చేసిందా? పెరిగింది వాహనాల పొగ, కట్టుబడి దుమ్ము, ఇరుకు ఇళ్ళు. వీటికి తోడు పరుపుల్లో, కర్టెన్లలో పెరిగే, కంటికి కనిపించని డస్ట్ మైట్ పురుగులు, ఖాళీ సైట్లలో వయ్యారిభామ పుప్పొడి. మొదటి రెండేళ్ళలో తగిలే ఆర్‌ఎస్‌వీ, రైనోవైరస్ లాంటి జలుబు వైరస్‌లతో పిల్లికూతలు వచ్చిన పిల్లల్లో కొందరికి తర్వాత ఆస్తమాగా స్థిరపడుతుంది. అమ్మానాన్నలకి ఆస్తమా ఉంటే అవకాశం ఇంకా ఎక్కువ. వీటిలో వేటికీ పెరుగన్నంతో సంబంధం లేదు. పాలు తాగితే కఫం పెరుగుతుందా అని 1990లో ఆస్ట్రేలియాలో జలుబు వైరస్ ఎక్కించిన వాలంటీర్ల మీద లెక్క కట్టి మరీ చూశారు, సంబంధం కనిపించలేదు.

మరి మనం ఏం చేస్తున్నాం? బిడ్డకి జలుబు చేస్తుందని అరటిపండు దాచేస్తాం. తలంటు పోసి, అదే బిడ్డని ఒళ్ళో పడుకోబెట్టుకుని, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పొగ బాగా పట్టాలని పైన బుట్ట కప్పుతాం. సాయంత్రం అయ్యేసరికి కిటికీలన్నీ మూసి దోమల కాయిల్ వెలిగిస్తాం. ఒక్క దోమల కాయిల్ కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగకి సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం కొలిచి చెప్పింది. మూసిన గదిలో, నిమిషానికి మనకంటే రెట్టింపు సార్లు ఊపిరి తీసే బిడ్డ పక్కన! నాన్నగారు బాల్కనీలో సిగరెట్ కాల్చి వచ్చి అదే షర్టుతో బిడ్డని ఎత్తుకుంటారు. గుడ్డు గురించి గంటసేపు వాదించే ఇంట్లో ఈ పొగ గురించి నోరెత్తేవాళ్ళు ఉండరు. ఎందుకంటే గుడ్డు ఆపాలంటే తల్లికి చెప్తే చాలు, సిగరెట్ ఆపాలంటే తండ్రికి చెప్పాలి, సాంబ్రాణి ఆపాలంటే అత్తగారికి చెప్పాలి. తల ఆరడానికి మెత్తటి తువ్వాలు చాలు. దోమలకి దోమతెర ఉంది. ఈ రెండూ ఈరోజు నుంచే చేయొచ్చు, ఖర్చు కూడా లేదు.

ఎలా పెట్టాలి అని అడిగేవాళ్ళ కోసం, మా చెల్లికి వాళ్ళ డాక్టరు చెప్పినది, నేను చదివినది కలిపి చెప్తాను. బిడ్డ మెడ నిలబెట్టి, పట్టుకుంటే కూర్చుని, ఉగ్గు మింగడం వచ్చాక మొదలుపెట్టండి. పల్లీలు దోరగా వేయించి, పొట్టు తీసి, మెత్తగా పొడి చేసి, రాగి జావలోనో పప్పన్నంలోనో పలచగా కలపండి. గింజగా గానీ పలుకుగా గానీ ఐదేళ్ళ లోపు పిల్లల నోట్లో పల్లీ పడకూడదు, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. గుడ్డు పచ్చసొన, తెల్లసొన రెండూ గట్టిగా ఉడికినవే. ఒక కొత్త పదార్థం మొదలుపెట్టాక రెండు మూడు రోజులు ఇంకో కొత్తది వద్దు. మొదటిసారి బిడ్డ ఒంట్లో బాగున్న రోజున, పొద్దుటిపూట, చెంచా కొసన కొంచెం, ఓ పది నిమిషాలు ఆగి ఇంకొంచెం, తర్వాత రెండు గంటలు కళ్ళెదుట ఉంచుకోండి. మూతి చుట్టూ కాస్త ఎర్రబడటం చాలాసార్లు తడికి, పులుపుకి వచ్చేదే. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు కళ్ళు వాయడం, ఆగకుండా వాంతులు, ఊపిరాడకపోవడం, బిడ్డ వేలాడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తండి, 108కి ఫోన్ చేయండి. అప్పుడు పనిచేసే మందు అడ్రినలిన్ ఇంజక్షన్, ఇంట్లో ఉన్న అలర్జీ సిరప్ పట్టి చూద్దాం అని కూర్చోవద్దు. ఏ రియాక్షనూ లేకుండా ఆ తిండి ఒంటికి పడింది అని తేలాక ఆపేయకూడదు కూడా, వారంలో రెండు మూడుసార్లు తిండిలో ఉంటూ ఉండాలి. ఏడాది లోపు తేనె మాత్రం చుక్క కూడా వద్దు, పుట్టిన రోజున నాలికకి రాసేది కూడా, అందులో ఉండే బాక్టీరియా వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఇదివరకే ఏదైనా తిని రియాక్షన్ వచ్చిన బిడ్డకి, ఎగ్జిమా తీవ్రంగా ఉన్న బిడ్డకి ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకండి, డాక్టరు దగ్గర మొదటి ముద్ద పెట్టించండి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించిన సంగతి ఒకటుంది. మా ఇంట్లో పనికొచ్చే అక్కది మదనపల్లె దగ్గర పల్లె, కూతురికి ఎనిమిది నెలల బాబు. అంగన్‌వాడీలో గుడ్డు తినిపించమని చెప్పారు, కానీ పెట్టొచ్చా అమ్మా, పై ఫ్లోర్ మేడమ్ వాళ్ళు పిల్లలకి గుడ్డు విషం అంటున్నారు, అని నన్ను అడిగింది. ఆ బాబు పలచగా, బరువు పెరగకుండా ఉన్నాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో సరిపడా తిండి, సరిపడా రకాలు అందుతున్నది 11 శాతం మందికే. ఆ ఇంటికి చవగ్గా దొరికే మంచి ప్రొటీన్లు రెండే, గుడ్డు, పల్లీ. ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో పుట్టిన ఈ భయం మెట్లు దిగి వాళ్ళ ఇంట్లో ఆ రెండిటినీ ఆపేస్తోంది. మన పిల్లలకి గుడ్డు బదులు ఇంకో పది రకాలు కొనగలం, ఆ బాబుకి గుడ్డు బదులు ఇంకో చారెడు అన్నమే.

పెట్టమని చెప్పాను, ఎలా పెట్టాలో దగ్గర కూర్చుని చెప్పాను. కానీ ఇది పనిచేసే ఇంటావిడ చెప్తే తెలియాల్సిన విషయమా? ప్రభుత్వ టీకాల పట్టికలో 14 వారాల టీకా తర్వాత మళ్ళీ తొమ్మిదో నెలలోనే టీకా ఉంది. తిండి మొదలయ్యే ఆరో నెల సరిగ్గా ఆ ఖాళీలో పడుతుంది, ఆ సమయంలో తల్లి చేతిలో ఉండేది ఫోన్ ఒక్కటే. ఆశా కార్యకర్తలు ఆరో నెలలో ఇంటికి వచ్చే కార్యక్రమం 2018 నుంచి ఉంది. వాళ్ళ చేతికి ఒక పేజీ ఇవ్వొచ్చు, కన్నడలో, తెలుగులో, తమిళంలో, ఉర్దూలో, ఉడికిన గుడ్డు ఎప్పుడు, పల్లీ పొడి ఎంత, ఏ లక్షణం వస్తే పరుగెత్తాలి అని. ప్రైవేటు పిల్లల డాక్టర్లు కూడా 14 వారాల టీకా వేసేటప్పుడే ఆ రెండు నిమిషాలు మాట్లాడాలి, తల్లితో ఒక్కదానితోనే కాదు, పక్కన నిలబడ్డ తండ్రినీ అత్తగారినీ కూర్చోబెట్టి. మీ బిడ్డకి ఆ టీకా దగ్గరపడుతుంటే, డాక్టరు చెప్పేదాకా ఆగకుండా మీరే అడగండి: గుడ్డు ఏ నెలలో మొదలుపెట్టమంటారు, పల్లీ ఏ నెలలో?